రివర్‌తో ఒక సెమిస్టర్: డేటా మారితే పట్టుకుంటుంది, చెడిపోతే మాత్రం మన ఖర్మ

ఎంటెక్ థీసిస్ కోసం ఆరు నెలలుగా రివర్ అనే మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ వాడుతున్నాను, డేటా వస్తూ ఉండగానే నేర్చుకునే మోడళ్ళ కోసం. నా డేటా సంగతి ముందు చెప్పాలి. మా ల్యాబ్ మిద్దె మీద బిగించిన ఒక చవక ధూళి సెన్సార్ నిమిషానికోసారి రీడింగ్ పంపుతుంది. కరెంటు పోతే ఖాళీ. వైఫై తెగితే గంట తర్వాత పాతవన్నీ గుంపుగా వచ్చి పడతాయి. వానాకాలంలో తేమకి దుమ్ము కణాలు ఉబ్బి పెద్దగా కనబడతాయి కాబట్టి గాలి బాగున్నా రీడింగ్ ఎక్కువే చూపిస్తుంది, ఇక దీపావళి రాత్రి సంగతి చెప్పక్కర్లేదు. ఎండాకాలం డేటాతో ట్రైన్ చేసిన మోడల్ జులైకల్లా దండగైపోయింది. "మళ్ళీ ట్రైన్ చెయ్యమ్మా" అన్నారు మా గైడ్ గారు. ఎన్నిసార్లని చేస్తాం సార్!

రివర్ ఉచితం, పైథాన్‌లో పనిచేస్తుంది. క్రీమ్, సైకిట్-మల్టీఫ్లో అనే రెండు ప్రాజెక్టులు కలిసి ఇదయింది. ఇందులో డేటా మొత్తం ఒకేసారి మెమరీలోకి ఎక్కించే పని లేదు. ఒక్కో వరుస రాగానే ముందు జవాబు చెప్పించి, తర్వాత అసలు జవాబు చూపించి నేర్పిస్తాం, అంతే. హోఫ్డింగ్ ట్రీ అని ఒకటుంది, ప్రశ్న మీద ప్రశ్న వేస్తూ కొమ్మలుగా చీలి జవాబు చెప్పే మోడల్, 2000లో డొమింగోస్, హల్టెన్ ఇచ్చిన ఐడియా. కొమ్మ చీల్చే ముందు "ఇంతవరకు చూసింది చాలా?" అని లెక్కేసుకుని, చాలకపోతే ఆగుతుంది. చూసిన వరుసల్ని దాచుకోదు, లెక్కలే దాచుకుంటుంది, అందుకే నా 8 జీబీ ల్యాప్‌టాప్ కూడా కిక్కురుమనలేదు.

నాకు బాగా నచ్చింది ఆడ్విన్. ఈమధ్య వచ్చిన విలువల్ని ఒక కిటికీలో పెట్టుకుని, పాత సగటుకీ కొత్త సగటుకీ తేడా మరీ ఎక్కువైతే పాతవి వదిలేసి అలారం కొడుతుంది. దానికి నా మోడల్ తప్పుల్ని అందిస్తాను. అయితే ఒక రాత్రి అలారం మోగింది, సీజన్ మారిందని సంబరపడి నోట్స్ కూడా రాసుకున్నా, పొద్దున మిద్దెక్కి చూస్తే సెన్సార్ గొట్టంలో సాలీడు గూడు కట్టింది. ఏదో మారిందని చెప్పడమే దాని పని. మారింది గాలా, సెన్సారా అన్నది మనమే మెట్లెక్కి చూసుకోవాలి.

శుభ్రం చేసే పనీ మనదే. ఒకసారి ఒక్క నాన్ విలువ (NaN, అంటే అంకె లేని ఖాళీ) తెలియకుండా స్కేలర్‌లోకి, అంటే అంకెలన్నిటినీ ఒకే కొలతకి తెచ్చేదాంట్లోకి, పంపేశాను. మామూలుగా అయితే ఆ వరుస తీసేసి మళ్ళీ నడిపిస్తాం. ఇక్కడ సగటు ఎప్పటికప్పుడు నడుస్తూ ఉంటుంది కదా, దాంట్లో ఒక్క నాన్ కలిస్తే ఇక అన్నీ నాన్‌లే, పాలకుండలో ఉప్పుకల్లు పడ్డట్టు. తప్పు నాదే, రెండు రోజులు పోయాయి.

ఇంకోటి, పరువు తక్కువ విషయమే గానీ చెప్తాను. ప్రాక్టీసుకి ఎలెక్2 అనే డేటాసెట్ తీసుకున్నాను. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ కరెంటు ధరలు, 1996–98, 45,312 వరుసలు, ధర పెరుగుతుందా తగ్గుతుందా చెప్పాలి. 86 శాతం వచ్చిందని గైడ్ గారికి రాత్రికి రాత్రే మెయిల్ కొట్టాను. తర్వాత తెలిసింది, ఇందాకటి జవాబే మళ్ళీ చెప్తూ పోయినా దాదాపు 85 వస్తుందని, జ్లియోబైటే అనే పరిశోధకురాలు 2013లోనే చూపించారని! రివర్‌లోనే అలా ఇందాకటి జవాబే చెప్పే నోచేంజ్‌క్లాసిఫయర్ ఉంది, ముందు దాన్ని నడపండి, తర్వాతే మెయిల్.

వేగం విషయంలో ఒక స్టార్ తగ్గిస్తున్నా. ఒక్కో వరుసా పైథాన్‌లో నడవాలి కాబట్టి పెద్ద ఫైల్ పెడితే టీ తాగి రావచ్చు. జావా వచ్చినవాళ్ళు ఇలాంటి పనికే ఉన్న వైకాటో యూనివర్సిటీవాళ్ళ మోవా చూడండి, నాకు జావా అంటే భయం. మొత్తం అయిదుకి నాలుగు.

ఇన్‌స్టాల్ చేసేవాళ్ళకి ఒక్క మాట: పాత వీడియోలు చూసి లెర్న్_వన్ (ఒక్కో వరుసా నేర్పించే ఫంక్షన్) ఫలితాన్ని మళ్ళీ మోడల్‌లోనే దాచకండి. 0.21 వెర్షన్ నుంచి అది ఏమీ తిరిగివ్వదు, రెండో వరుసకే మోడల్ మాయం.