సైనస్‌కు బెలూన్ చికిత్స: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి దండగ

ముఖం ఎముకల్లో ఉండే గాలి గదులే సైనస్‌లు. మూసుకుపోయిన వాటి ద్వారాన్ని బెలూన్‌తో తెరిచే చికిత్స బెలూన్ సైనుప్లాస్టీ. దాని ప్రకటనల్లో ముందు కనిపించే మాట ‘కోత లేదు, కుట్లు లేవు’. ఎండోస్కోపుతో, అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టంతో చూస్తూ చేసే మామూలు సైనస్ ఆపరేషన్‌లో కూడా ముఖం మీద కోత పెట్టరు, అదీ ముక్కు రంధ్రంలోంచే చేస్తారు. అసలు తేడా వేరే ఉంది. ఆపరేషన్‌లో దారికి అడ్డొచ్చే పలుచని ఎముకను, పాడైన కణజాలాన్ని తీసేస్తారు. బెలూన్ ఏదీ తీయదు, ఉన్న ద్వారాన్ని వెడల్పు చేస్తుంది, అంతే.

మత్తుమందులో తడిపిన పట్టీలు ముక్కులో పెట్టి మొద్దుబారాక, ఎండోస్కోపుతో చూస్తూ వంపు గొట్టాన్ని సైనస్ ద్వారం దగ్గరకు చేరుస్తారు. అందులోంచి కొనకు లైటున్న సన్నని తీగను తోస్తారు. తీగ నుదుటి సైనస్‌లోకి చేరితే కనుబొమ పైన చర్మం మీద ఎర్రటి వెలుగు కనబడుతుంది. దాని మీదుగా 5 నుంచి 7 మిల్లీమీటర్ల బెలూన్‌ను జరిపి, సెలైన్‌తో 8 నుంచి 12 అట్మాస్ఫియర్ల ఒత్తిడికి ఉబ్బించి, కొన్ని సెకన్లు ఉంచి దించేస్తారు.

పని చెడేది ఎక్కువగా చెంప సైనస్ దగ్గర. దాని అసలు ద్వారం అన్సినేట్ అనే ఎముక రెక్క చాటున ఉంటుంది. కొందరికి దాని వెనక ఇంకో రంధ్రం ఉంటుంది, కంటికి అదే సులువుగా దొరుకుతుంది. బెలూన్ అందులో ఉబ్బిస్తే లాభం లేదు. లోపలి సూక్ష్మ రోమాలు చీమిడిని ఎప్పుడూ అసలు ద్వారం వైపే నెడతాయి. పైగా ఒక ద్వారంలోంచి వచ్చిన చీమిడి రెండో దాంట్లోంచి మళ్లీ లోపలికి పోతుంది, జబ్బు అలాగే ఉంటుంది. నుదుటి దగ్గరైతే తీగ పక్క గదిలోకి దారి తప్పవచ్చు. వెలుగు కనుబొమ పైన కాక కంటి లోపలి మూల దగ్గర పడితే ఆగి సరిచూసుకోవాలి. కంటి గోడకు, మెదడు పొరకు దెబ్బ తగలడం అరుదే, కానీ రెండూ పక్కనే ఉంటాయి.

మా అంచనాలో ఈ పరికరం విలువ తెలిసేది నుదుటి సైనస్‌లోనే. అక్కడ దారి ఇరుకు, లోపలి పొర ఊడితే మచ్చకట్టి మళ్లీ మూసుకుపోతుంది. బెలూన్ ఆ పొరను చాలావరకు కాపాడుతుంది. ముక్కు వెనక లోతుగా ఉండే స్ఫినాయిడ్ సైనస్‌కూ, చెంప సైనస్‌కూ తగిన రోగిని ఎంచుకుంటే పనిచేస్తుంది. కళ్ల మధ్య తేనెపట్టు గదుల్లా ఉండే ఎథ్మాయిడ్‌కు పనికిరాదు. పెద్ద పాలిప్స్‌కూ (ముక్కు, సైనస్ పొర నుంచి పెరిగే మెత్తని కండలు), ఫంగస్ జిగట పేరుకున్న సైనస్‌కూ ఇది చాలదు, అక్కడ లోపలిది బయటికి తీయాల్సిందే. ఒక్క వైపే జబ్బుంటే ముందు పంటి వేరును, కణితిని అనుమానించాలి. బయాప్సీకి ముక్క కావాలంటే బెలూన్ ఇవ్వలేదు. వంకర ముక్కు దూలాన్ని కూడా ఇది సరిచేయదు.

అమెరికా ఈఎన్‌టీ వైద్యుల అకాడమీ 2018లో నిపుణుల ఏకాభిప్రాయాన్ని ప్రచురించింది. లక్షణాలూ ఉండాలి, సీటీ స్కాన్‌లో జబ్బూ కనబడాలి, ఒక్కటే ఉంటే బెలూన్ తగదని అందులో ఉంది. సైనస్ జబ్బు లేని తలనొప్పికీ, నిద్రలో శ్వాస ఆగే సమస్యకూ ఇది చికిత్స కాదు. ‘సైనస్ తలనొప్పి’ అని వచ్చేవారిలో చాలామందిది మైగ్రేన్. స్కాన్ శుభ్రంగా ఉండి కూడా బెలూన్ వేద్దామంటే ఒప్పుకోకండి, ఇంకో ఈఎన్‌టీ డాక్టరును కలవండి. జలుబు మీద ఉన్నప్పుడు తీసిన స్కాన్‌నూ నమ్మకూడదు, మామూలు జలుబులోనే సైనస్‌లు నిండినట్టు కనబడతాయి. లక్షణాలు 12 వారాలు దాటి, స్టెరాయిడ్ స్ప్రే, ఉప్పునీటి కడుగుడు క్రమంగా వాడాక కూడా తగ్గకపోతేనే ఈ మాట ఎత్తాలి. బెలూన్ అయ్యాక కూడా అవి రెండూ మానకూడదు. కడిగే నీళ్లు కాచి చల్లార్చినవే కావాలి.

ఖర్చులో పెద్ద భాగం ఒక్కసారి వాడి పారేసే కిట్‌దే. ఏయే సైనస్‌లకు వేస్తారో, కిట్ ధర ఎంతో విడిగా రాసిమ్మనండి. సీలు విప్పిన ప్యాక్ స్టిక్కర్‌ను కేస్ షీట్‌కు అంటించమనండి. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆధునిక చికిత్సల జాబితాలో బెలూన్ సైనుప్లాస్టీని చేర్చింది, కాబట్టి ఆరోగ్య బీమా కంపెనీ దీన్ని పూర్తిగా మినహాయించకూడదు. అయితే చాలా పాలసీల్లో ఈ జాబితాకు ఉప పరిమితి, అంటే ఇంతకు మించి ఇవ్వమనే హద్దు, ఉంటుంది. ఆ అంకె చూసుకున్నాకే తేదీ ఖాయం చేసుకోండి.