కతానియాలో అగాతమ్మ పండుగ: మాకు దక్కని బాల్కనీ

సిసిలీలోని కతానియాకు ఫిబ్రవరి పండుగకు వెళ్లేవారు ‘ఊరేగింపు కనిపించే బాల్కనీ’ అన్న మాట నమ్మి డబ్బు కట్టకండి. మేము మూడు రాత్రులకు 510 యూరోలు ముందే కట్టాం. బాల్కనీ ఉంది, వెనక సందులోని చెత్తడబ్బాల వైపు! వీధి వైపు గదికి రాత్రికి ఇంకో 90, అదీ నగదుగా ఇవ్వాలన్నాడు యజమాని. మా ఆవిడ రసీదు అడిగేసరికి తలుపు వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ గది అత్తయ్య కోసం తీసుకున్నది. రెండేళ్ల కిందట ఆవిడకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది, ఎక్కువసేపు నిలబడలేరు. ఏటా గుణదల తిరునాళ్లకు వెళ్లే మనిషి, ఈసారి ఆ జబ్బువారికి అండగా నిలిచే క్రైస్తవ పునీతురాలు అగాతమ్మను చూడాలన్నారు.

సంప్రదాయం ప్రకారం అది 251వ సంవత్సరం, డెసియస్ చక్రవర్తి కాలం. క్రీస్తుకు అంకితమైన కన్య అగాత తనను కాదన్నదని గవర్నర్ క్విన్షియానస్ ఆమె రొమ్ములు కోయించాడు. రాత్రి చెరసాలలో క్రీస్తు శిష్యుడు పేతురు కనిపించి గాయాలు మాన్పాడంటారు. ఆ తర్వాత నిప్పుల మీద దొర్లించారు, చెరసాలలోనే ప్రాణం విడిచింది. ఆ చెరసాల ఉన్నచోట ఇప్పుడు గుడి ఉంది. అత్తయ్య అక్కడ గంటసేపు కూర్చుని కదల్లేదు. పెద్దగుడి, ఏనుగు ఫౌంటెన్ అరపూటలో చూసేశాం.

‘మిన్నె’ అనే మిఠాయి మాత్రం తప్పక తినండి. లోపల రికోటా జున్ను, పైన తెల్లటి చక్కెర పూత, నడుమ ఎర్రటి చెర్రీ. అగాతమ్మ రొమ్ముల ఆకారం. ఒక్కోటి 3.50 యూరోలు. పళ్లెంలో జంటగా పెట్టి తెచ్చారు. మా ఆవిడ కంగారుగా వాళ్లమ్మ వంక చూసింది. అత్తయ్య కాసేపు పళ్లేన్నే చూసి, “ఈ ఊళ్లో దీన్ని దాచుకోరన్నమాట” అని మొత్తం తిన్నారు.

5వ తేదీ సాయంత్రం ఎట్నా వీధిలో జనం మధ్య నిలబడలేక ఆవిడ గోడకు ఆనుకుంటే, ఆ మిఠాయి దుకాణం పెద్దావిడే చూసి గుమ్మంలో పీట వేసింది. తెల్లటి అంగీలు, నల్ల టోపీల వేలమంది తాళ్లు పట్టి వెండి రథాన్ని లాగుతుంటే, “వివా సాంతాగాతా!” అన్న కేక వీధంతా మోగింది. కొవ్వొత్తుల మైనం కారి రోడ్డు జారుతుంది, రబ్బరు అడుగున్న చెప్పులు వేసుకోండి. రథం మీది అగాతమ్మ విగ్రహం ముఖం మా ముందుకు వచ్చేసరికి రాత్రి చాలా పొద్దుపోయింది. అత్తయ్య పీట మీంచి లేచి నిలబడ్డారు, చెయ్యి అందించబోతే వద్దన్నారు.

పీటకని 20 యూరోలు ఇవ్వబోతే పెద్దావిడ మా ఆవిడ చేతిని గట్టిగా మూసేసింది. మర్నాడు అక్కడే ఇంకో నాలుగు మిన్నె తిన్నాం.