సుందర్‌బన్స్ ఖల్సి తేనె: పల్చగా ఉందని పారేయకండి

రెండు సీసాలు వాడాక రాస్తున్నాను. మొదటిది పోయిన ఏడాది కొన్నది, రెండోది ఈ ఏప్రిల్‌లో తీసిన తేనె. రెండూ బెంగాల్ మడ అడవులైన సుందర్‌బన్స్ అడవి తేనె పేరుతోనే వచ్చాయి కానీ ఒకదానికీ ఇంకోదానికీ అసలు పొంతన లేదు.

మొదటిది ఆన్‌లైన్‌లో తెప్పించాను. పాకంలా చిక్కగా, ముదురు రంగులో ఉండి, చెంచా పైకెత్తితే తీగలా సాగింది, చూడగానే భలే ఉందనుకున్నాం. నోట్లో వేసుకుంటే మాత్రం తీపి తప్ప ఇంకేమీ తెలియలేదు, వాసన కూడా బెల్లప్పాకం వాసనే. ఏ పువ్వు తేనె, ఏ నెలలో తీశారు, ఎవరు తీశారు అన్నది లేబుల్ మీద ఎక్కడా లేదు. అది కల్తీ అని నేను అనను, ల్యాబ్‌లో పరీక్ష చేయించలేదు కాబట్టి. కానీ అది ఖల్సి చెట్టు పూల తేనె కాదని రెండోది తిన్నాక గట్టిగా అనిపించింది.

రెండో సీసా, తేనె తీసేవాళ్ల దగ్గర నేరుగా కొని పంపే ఒక చిన్న గ్రూపు దగ్గర తీసుకున్నాను. పార్సిల్ విప్పేసరికి మూత చుట్టూ తేనె కారి అట్టపెట్టె అంతా జిగురు. లోపల పైన రెండు వేళ్ల మందం నురగ. సీసా వంచితే దాదాపు నీళ్లలా కదిలింది. ఇంట్లో అందరూ మోసపోయాం అన్నారు, నాకూ టెన్షన్ పట్టుకుంది. ఫోన్ చేస్తే అవతలి మనిషి ఓపిగ్గా, రెండు రోజులు కదపకుండా ఉంచండి, నురగ దిగుతుంది, ఈ తేనె ఇంతే పల్చగా ఉంటుంది అని చెప్పారు. నిజంగానే దిగింది. కింద లేత బంగారు రంగులో తేనె మిగిలింది.

రుచి గురించి చెప్పాలంటే, నాలుక మీద పెట్టగానే తీపి, వెంటనే ఒక సన్నని పులుపు, మింగాక చాలాసేపు పూల వాసన. వెగటు రాదు. మడ అడవి తేనె ఉప్పగా ఉంటుందని కొందరు అంటారు, నాకైతే ఉప్పు తగల్లేదు, ఆ పులుపునే అలా అంటున్నారేమో. గోరువెచ్చని నీళ్లలో కన్నా ఊరికే చెంచాతో తింటేనే బాగుంది, వేడి పాలల్లో కలిపితే ఆ వాసన మొత్తం పోయింది, అలా చేయకండి.

ఈ రుచికి మూలం ఖల్సి అనే మడ చెట్టు. శాస్త్రీయ నామం ఈజిసెరాస్ కార్నిక్యులేటమ్. గోదావరి ముఖద్వారంలోని కోరింగ మడ అడవిలోనూ ఇది పెరుగుతుంది, అక్కడ దీన్ని గుగ్గిలం అంటారు (మనం ధూపం వేసే గుగ్గిలం వేరే, ఆ బంక వచ్చేది వేరే చెట్టు నుంచి). పెద్ద మాను కాదు, చాలాచోట్ల పొదలాగే ఉంటుంది, పాయల అంచున బురదలో నిలబడుతుంది. వేళ్లతో ఉప్పునీరు తాగి, ఒంట్లోకి వచ్చిన ఉప్పును ఆకుల మీదుగా బయటికి తోసేస్తుంది, ఎండ కాసినప్పుడు ఆకు మీద తెల్లటి ఉప్పు పలుకులు కనిపిస్తాయి. కాయ కొమ్ములా వంకర తిరిగి ఉంటుంది, ఆ లాటిన్ పేరులో ఉన్నది ఆ కొమ్మే. గింజ కింద పడకముందే, కాయ చెట్టు మీద ఉండగానే లోపల మొలకెత్తుతుంది. బెరడులో సపోనిన్లు (సబ్బులా నురగ వచ్చే పదార్థాలు) ఉంటాయి కాబట్టి దాన్ని దంచి నీళ్లలో కలిపి చేపలకు మత్తెక్కించి పట్టడానికి చాలా దేశాల్లో వాడేవాళ్లు. కట్టె పొయ్యిలోకి పనికొస్తుంది. కానీ నన్నడిగితే ఈ చెట్టుకున్న అన్ని ఉపయోగాల్లోకీ పువ్వే గొప్పది. తెల్లగా, గుత్తులుగా, మంచి వాసనతో మార్చి, ఏప్రిల్ నెలల్లో పూస్తుంది. గరాన్, కేవ్‌రా లాంటి మిగతా మడ చెట్ల పూలు ఆ తర్వాత వస్తాయి. అందుకే సీజన్ మొదట్లో తీసిన తేనెకు అంత గిరాకీ, సీజన్ నడిచేకొద్దీ రంగు, రుచి మారిపోతాయి.

ఇక పల్చదనం. తేనెటీగలు పూల మకరందంలోని నీటిని రెక్కలతో విసిరి ఆరబెడతాయి. సుందర్‌బన్స్‌లో చుట్టూ ఆటుపోట్ల నీళ్లే, గాలిలో ఎప్పుడూ తేమే, అందుకని అది పూర్తిగా ఆరదు. మన ఆహార ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం దాటకూడదు, ఇక్కడి పచ్చి తేనె తరచూ ఆ గీత దాటేస్తుంది. దాంతో చాలామంది వేడి చేసి తేమ తీసేసి అమ్ముతారు, చిక్కదనం వస్తుంది, పూల వాసన తగ్గుతుంది. గ్లాసు నీళ్లలో చుక్క వేసి కరిగితే కల్తీ అనే పరీక్ష ఒకటి అందరూ చేస్తుంటారు కదా, ఈ తేనె ఆ పరీక్షలో ప్రతిసారీ ఫెయిలవుతుంది, బెల్లప్పాకం పాసవుతుంది. దయచేసి ఆ పరీక్ష నమ్మకండి.

ధర ఎక్కువ అనేవాళ్లకు ఒక మాట. ఇది తీసేవాళ్లను అక్కడ మౌలేలు అంటారు. అటవీ శాఖ పర్మిట్ తీసుకుని, అడవి దేవత బోన్‌బీబీకి మొక్కుకుని, పడవల్లో గుంపులుగా అడవిలోకి వెళ్తారు. తుట్టెలు కొండ తేనెటీగలవి, అవి పెట్టెల్లో ఉండే రకం కాదు. హెంతాల్ అనే ఈత జాతి చెట్టు ఆకులతో పొగ పెట్టి ఈగలను లేపుతారు, ఆ హెంతాల్ పొదల్లోనే పులి పొంచి ఉండే అవకాశం ఎక్కువ. పులి వెనక నుంచి మీద పడుతుందని 1986 ప్రాంతంలో తల వెనక మనిషి ముఖం మాస్కులు కట్టుకుని వెళ్లడం మొదలుపెట్టారు, కొన్నాళ్లు పనిచేసింది, తర్వాత పులులు కనిపెట్టేశాయి. భర్త పులి వాత పడి ఒంటరిగా మిగిలిన ఆడవాళ్లు ఆ ఊళ్లలో ఎంతోమంది. ఇది తెలిశాక నేను బేరం ఆడలేకపోయాను.

2024లో సుందర్‌బన్ తేనెకు జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అని చెప్పే భౌగోళిక) గుర్తింపు వచ్చింది, సంతోషం. కానీ ఆ ముద్ర ఒక్కటే చూసి కొనకండి, తీసిన నెల అడగండి, పువ్వు అడగండి, అడవి తుట్టెదా పెట్టె తేనెనా అడగండి. అడవి అంచున కంచె లోపల పెట్టెలు పెట్టి తీసేది కూడా మంచి పనే, ప్రాణాపాయం లేదు, అయితే అది పెట్టె తేనె అని చెప్పి అమ్మాలి.

నా ఫిర్యాదులు కూడా చెప్తాను. ప్యాకింగ్ బాగోలేదు, ఇలా నురగ కట్టే తేనెను ప్లాస్టిక్ సీసాలో అంచుదాకా నింపి పంపడం తప్పు, పైన ఖాళీ వదలాలి. చేత్తో పిండి తీసినట్టుంది, మైనం ముక్కలు, పుప్పొడి మడ్డి వచ్చాయి, పల్చటి గుడ్డలో వడకట్టుకోవాల్సి వచ్చింది. ఫ్రిజ్‌లో పెట్టమని లేబుల్ మీద రాయలేదు. బయట ఉంచిన కొంచెం తేనె రెండు నెలలకి బుడగలు వచ్చి పుల్లటి కల్లు వాసన కొట్టింది, తేమ ఎక్కువ కదా, పులిసిపోయింది. ఫ్రిజ్‌లో పెట్టింది ఇప్పటికీ బాగుంది. ఏడాది లోపు పిల్లలకు ఇదే కాదు, ఏ తేనే పెట్టకూడదు.

అయిదుకి నాలుగు ఇస్తున్నాను, ఆ ఒకటి ప్యాకింగ్‌కే తగ్గించాను. వచ్చే ఏప్రిల్‌కి మళ్లీ చెప్పి ఉంచాను, ఈసారి గాజు సీసాలో, పావు కిలో చాలు, మొదటి విడత ఖల్సిదే కావాలని.