వీడియోనా, ఆటా, నలుగురితో చర్చా: పిల్లల చదువుకు ఏది మేలు?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉన్న మన తెలుగు ఇళ్లలో చాలా చోట్ల అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగస్తులే. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటుకుని ఇల్లు చేరేసరికి ఏడో క్లాసు లెక్కలు పట్టుకుని కూర్చునే ఓపిక మిగలదు. అందుకే పిల్లల చదువు సగం ఫోన్ల మీదకి, ట్యాబ్‌ల మీదకి వెళ్లింది. అక్కడ వీడియో పాఠాలున్నాయి, ఆటలున్నాయి, తోటిపిల్లలతో కాల్‌లో మాట్లాడుకుంటూ చదవడం ఉంది. మొదటి రెండింటికీ వేలకు వేలు కడుతున్నాం. మూడోదాన్ని మాత్రం కబుర్ల కింద జమకట్టి ఆపేస్తున్నాం. ఇక్కడే పొరపాటు జరుగుతోందని నా గట్టి నమ్మకం.

ముందు వీడియోల సంగతి. కొత్త పాఠం మొదటిసారి తలకెక్కడానికి ఇవి బాగా పనికొస్తాయి. గుండెలో రక్తం ఎటు నుంచి ఎటు పోతుందో బొమ్మ కదులుతుంటే తెలిసినంతగా పుస్తకంలో చదివితే తెలియదు. అర్థం కాకపోతే ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ చూడొచ్చు. నిండు క్లాసులో టీచర్‌ని నాలుగుసార్లు అడగలేని పిల్లలకు అది పెద్ద అండ. ఖాన్ అకాడమీ ఉచితం, 2017లో కేంద్రం మొదలుపెట్టిన దీక్షా పోర్టల్ కూడా ఉచితమే. కాబట్టి వీడియోల కోసమే ఏడాది ప్యాకేజీ కొనక్కర్లేదు.

చిక్కేమిటంటే, చూస్తున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కొంతమంది విద్యార్థుల చేత ఒక పాఠాన్ని రెండోసారి చదివించారు, ఇంకొంతమంది చేత చూడకుండా గుర్తున్నంత రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవాళ్లది పైచేయి. వారం తర్వాత రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. వీడియో మళ్లీ మళ్లీ చూడటం కూడా ఇలాంటిదే అనుకుంటాను. అందుకే చిన్న వీడియో ఒకటి చూడనిచ్చి, స్క్రీన్ ఆపి, ఏం తెలిసిందో చెప్పమనడం మేలు.

ఆటలన్నీ ఒక గాటన కట్టకూడదు. టైమర్ పెట్టి పాయింట్లిచ్చే కహూట్ లాంటి క్విజ్‌లు ఎక్కాలకు, రాజధానులకు బాగానే ఉంటాయి. బెంగళూరు స్కూళ్లలో మన పిల్లలు కుస్తీపడే కన్నడ అక్షరాలకూ పనికొస్తాయి. (తెలుగు చదవడం వచ్చిన పిల్లలకు కన్నడ లిపి తొందరగా పట్టుబడుతుంది. ఇక్కడే పుట్టినవాళ్లలో చాలామందికి ఆ అండ కూడా లేదు, అది నాకు బాధే.) అయితే ఆలోచించాల్సిన లెక్కకి టైమర్ పెడితే పిల్లలు గుడ్డిగా నొక్కడం నేర్చుకుంటారు, నిదానంగా ఆలోచించే పిల్ల తనకి లెక్కలు రావనుకుంటుంది.

పాఠమే ఆటగా ఉన్నవి వేరు. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ ప్రయోగాలు అలాంటివి, ఉచితం కూడా. తెర మీద బ్యాటరీ, వైరు, బల్బు కలిపి సర్క్యూట్ కట్టొచ్చు. వరసలో ఇంకో బల్బు పెడితే రెండూ మసకబారతాయి. షార్ట్ సర్క్యూట్ చేస్తే తెర మీదే మంట లేస్తుంది. ఎందుకలా అయిందని పిల్లలే అడుగుతారు.

ఇక చర్చ. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి క్లాసులో ఒక పద్ధతి నడిపారు. ప్రశ్న ఇచ్చి, ఎవరి జవాబు వాళ్లను ఎంచుకోమని, తర్వాత పక్కవాళ్లతో వాదించుకోమని, మళ్లీ జవాబు అడగడం. 2009లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఇంకో సంగతి తేల్చింది. గుంపులో మొదట ఎవరికీ సరైన జవాబు తెలియకపోయినా, మాట్లాడుకున్నాక అదే విషయం మీద ఇచ్చిన కొత్త ప్రశ్నకు మెరుగ్గా జవాబిచ్చారు.

అరని పావుతో భాగిస్తే రెండు ఎందుకొస్తుంది? భాగిస్తే తగ్గాలి కదా? ఈ ప్రశ్న మా అపార్ట్‌మెంట్ పిల్లలకిచ్చి చూశాను. తిరగేసి గుణించాలన్నాడొకడు. ఎందుకు తిరగేయాలని ఇంకో అమ్మాయి నిలదీసింది, వాడి దగ్గర జవాబు లేదు. చివరికి ఆ అమ్మాయే, "సగం దోసెలో పావు ముక్కలెన్ని?" అంది. సూత్రం వచ్చినవాడికి తనకేం తెలియదో తెలిసింది, రాని అమ్మాయికి అర్థమైంది. ఏ వీడియో ఎదురు ప్రశ్న వేయదు.

దీనికీ లోపాలున్నాయి. చాటింగ్ గ్రూపు పెడితే హోంవర్క్ ఫోటోలు పంచుకోవడంతో సరి. వాగుడుకాయ ఒకడుంటే మిగతావాళ్లు నోరు విప్పరు. పాఠమే చూడకుండా కూర్చుంటే తప్పులే చర్చిస్తారు. మూడు, నాలుగు క్లాసుల లోపు పిల్లలకు ఇది కుదరదు, వాళ్లకు ఆటలూ, పక్కన ఒక పెద్ద మనిషీ ఉంటే చాలు.

ఆరో క్లాసు నుంచి పదో క్లాసు దాకా అయితే నా ఓటు చర్చకే. వీడియో దానికి ముందు, ఎక్కాల్లాంటివాటికి ఆట. ముగ్గురు, నలుగురికి మించకుండా శనివారం అరగంట వీడియో కాల్ పెట్టండి. ఒకటే ప్రశ్న ఇవ్వండి, అందరూ ముందు కాగితం మీద జవాబు రాయాలి, తక్కువ మాట్లాడేవాళ్లు మొదట చెప్పాలి. పెద్దవాళ్లు అదే గదిలో ఉండొచ్చు, జవాబు మాత్రం అందించకూడదు.