కోఠిలో టీవీ స్టిక్కు కొనబోతున్నవాళ్ళు ముందు ఇది చదవండి

ఇప్పుడే హైదరాబాద్ కోఠి నుంచి వచ్చాను. చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది, తప్పులుంటే సర్దుకుని చదవండి.

షాపు పేరు రాయడం లేదు, ఫిర్యాదు పెట్టాను కాబట్టి. గుమ్మంలోనే పెద్ద టీవీ పెట్టి పొద్దస్తమానం సినిమా నడిపిస్తుంటాడు. అటు వెళ్ళేవాళ్ళు చాలామంది చూసే ఉంటారు. ఆ టీవీలో బొమ్మ చూసి మోసపోకండి. నేను మోసపోయింది దాన్ని చూసే.

సంగతి ఇది. మా ఇంట్లో టీవీ 2016లో కొన్నది. 40 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ, స్మార్ట్ టీవీ కాదు. బొమ్మ ఇప్పటికీ బ్రహ్మాండంగా వస్తుంది, మార్చాల్సిన అవసరం లేదు. అమ్మకి మొన్నీమధ్య కుడికంటికి శుక్లం ఆపరేషన్ చేయించాం. అంతకుముందు పాత సినిమాలన్నీ నా ఫోన్లోనే చూసేది. ఇక ఫోను వద్దమ్మా, కళ్ళు లాగుతాయి అన్నాను. "టీవీ వెనక గుచ్చేదేదో ఉంటుందటగా, అది తెచ్చిపెట్టరా" అని నాన్న పింఛను డబ్బులోంచి 3,000 తీసి చేతిలో పెట్టింది. నేనిస్తానన్నా వినలేదు.

టీవీ వెనక గుచ్చితే మామూలు టీవీలోనూ ఓటీటీలు వచ్చే స్టిక్కు అది. షాపులో పేరున్న కంపెనీదే అడిగాను. "అదెందుకు సార్, దాంట్ల ప్రతి ఓటీటీకి విడిగ కట్టాలె. ఇది తీస్కోండ్రి. ఫోర్‌కే, ఆండ్రాయిడ్ 13, అన్ని ఓటీటీలు మూడేండ్లు ఫ్రీ" అని ఒక తెల్ల డబ్బా ముందుకు తోశాడు. ధర 2,800. నేనడిగిన దానికంటే 1,200 తక్కువ. గుమ్మంలో ఉన్న పెద్ద టీవీ మీద నెట్‌ఫ్లిక్స్ తెరిచి చూపించాడు. అద్దంలా ఉంది బొమ్మ. రిమోట్ తన చేతిలోనే పెట్టుకుని తనే నొక్కుతూ చూపించాడు. కస్టమర్‌కి శ్రమ ఎందుకని అలా చేస్తున్నాడనుకున్నాను.

"అన్నీ ఫ్రీ" అన్నమాట చెవిన పడ్డప్పుడే నేను బయటికి వచ్చేయాల్సింది. డబ్బు కట్టి చూసేవి ఊరికే ఎలా ఇస్తాడు? అది నాకు తెలియదా? తెలుసు. అయినా ఆశపడ్డాను. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

ఇంటికొచ్చి పెట్టాను. మొదట జీమెయిల్ అడిగింది. నా అసలు అకౌంటే ఇచ్చాను, బ్యాంకు మెయిళ్ళన్నీ వచ్చేది దానికే. ప్రైమ్ నాకు ఎలాగూ ఉంది కాబట్టి అందులో లాగిన్ అయ్యాను. స్టిక్కులో ఉన్న ప్రైమ్ యాప్ టీవీకోసం చేసింది కాదు, ఫోన్‌లో వాడేది. రిమోట్ మీది పైకీ కిందికీ బటన్లు దానికి పనిచేయవు. రిమోట్‌లోనే మౌస్ బటన్ ఒకటుంది, అది నొక్కితే తెర మీద బాణం గుర్తు వస్తుంది, దాన్ని చిన్నగా జరుపుకుంటూ పోవాలి. 68 ఏళ్ళ మనిషి ఆ బాణాన్ని జరపలేక ప్రతిసారీ నన్ను పిలిచేది.

అది కూడా భరించేవాణ్ణి. బొమ్మ మసక. పాత సినిమా పెడితే మొహాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి, పేర్లు పడేటప్పుడు ఒక్క అక్షరం కూడా విడిగా లేదు. అమ్మ ఒక కన్ను మూసి చూసింది. తర్వాత రెండోది మూసి చూసింది. "ఆపరేషన్ చేసిన కన్ను మళ్ళీ మసకేస్తోందిరా" అంది. మూడు రోజులు అదే మాట. చుక్కలు సరిగా వేయలేదేమో అంది, తలస్నానం తొందరపడి చేశానేమో అంది. నాకూ కంటి మీదే అనుమానం వచ్చింది తప్ప స్టిక్కు మీద రాలేదు, ఎందుకంటే షాపులో బొమ్మ ఎంత బాగుందో నా కళ్ళతో చూసి వచ్చాను కదా.

రివ్యూకి ఇంకా పది రోజులుండగానే ఆటో మాట్లాడుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. దారంతా అమ్మ నోరు మెదపలేదు. డాక్టరమ్మ గంటసేపు అన్ని పరీక్షలూ చేశారు. పై వరుస నుంచి కింది వరుస దాకా అమ్మ గడగడా చదివేసింది. "కంట్లో ఏ లోపమూ లేదు, ఇంట్లో టీవీని ఒకసారి చూపించండి" అన్నారావిడ.

ఆ రాత్రి మా బావమరిదిని పిలిచాను. వాడికి ఇవన్నీ తెలుసు. అరగంటలో తేల్చేశాడు. డబ్బా మీద, సెట్టింగ్స్‌లో కూడా ఆండ్రాయిడ్ 13 అని రాసుంది, లోపల చూస్తే 10. మెమరీ 16 జీబీ అని చూపిస్తుంది, నాలుగు యాప్‌లు వేసేసరికి ఖాళీ లేదంటుంది. ప్లే స్టోర్‌లో సెట్టింగ్స్‌కి వెళ్ళి అబౌట్ చూస్తే ఈ డివైజ్‌కి గూగుల్ సర్టిఫికేషన్ లేదని రాసుంది. ఇక అసలు విషయం వైడ్‌వైన్. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ లాంటివాళ్ళు తమ సినిమాలు ఎవరూ కాపీ కొట్టకుండా వేసుకునే తాళం అది. అందులో ఎల్1 అనే స్థాయి ఉన్న డివైజ్‌కే హెచ్‌డీ బొమ్మ పంపిస్తారు. ఎల్3 అయితే 480 గీతల బొమ్మతో సరిపెడతారు. మనం నెలనెలా ఎంత కట్టినా, నెట్ ఎంత స్పీడున్నా అంతే. మాది ఎల్3. 1080 గీతల టీవీ మీద ఆ 480ని సాగదీసి చూపిస్తుంటే మసకగా కాక ఇంకెలా ఉంటుంది?

ఈ రోజు పొద్దున షాపుకి వెళ్ళాను. గొడవ పెట్టుకోవాలని వెళ్ళలేదు. మార్చి పేరున్న కంపెనీది ఇవ్వండి, మిగతా 1,200 కడతాను అని మర్యాదగానే అడిగాను. "వాపస్ లేదు సార్, చిట్టీ మీద రాసున్నది చూడుండ్రి" అన్నాడు ఓనరు, తల కూడా ఎత్తకుండా. సరే, ఒక్క పని చేయండి, నాకు అమ్మిన ఈ స్టిక్కునే మీ గుమ్మంలో టీవీకి పెట్టి, మొన్న చూపించిన బొమ్మ చూపించండి, చూపిస్తే నోరు మూసుకుని వెళ్ళిపోతాను అన్నాను.

కౌంటర్ దగ్గర కుర్రాడు ఓనరు మొహం చూశాడు. ఓనరు ఏమీ అనలేదు. నేనే టీవీ వెనక్కి వంగి చూశాను.

హెచ్‌డీఎంఐ పోర్టు నుంచి జానెడు వైరు వేలాడుతోంది. దాని చివర ఉన్నది నేను మొదట అడిగిన పేరున్న కంపెనీ స్టిక్కు! తనే నాకు వద్దని చెప్పినది. మొన్న నాకు నెట్‌ఫ్లిక్స్ చూపించింది అందులోంచి. రిమోట్ నా చేతికి ఎందుకివ్వలేదో అప్పుడు అర్థమైంది. దాని మీద కంపెనీ పేరుంటుంది.

ఒక్క క్షణం నాకు మాట రాలేదు. ఇదేంటండీ అన్నాను. వాడు కొంచెం కూడా తడబడలేదు. "డెమో పీస్ వేరే ఉంటది, అమ్మే పీస్ వేరే ఉంటది. గింత సదువుకున్నరు, గిది తెల్వదా? ఇరవై ఎనిమిది వందలకి ఇంక ఏం గావాలె మీకు?" అన్నాడు. దొరికిపోయానన్న బెరుకు లేదు. సిగ్గు లేదు. నాదే తెలివితక్కువతనం అన్నట్టు మాట్లాడాడు.

కోపంలో అమ్మ కన్ను సంగతి చెప్పేశాను. ఆపరేషన్ పాడైందని మూడు రోజులు భయపడింది, ఆస్పత్రికి కూడా పోయి వచ్చాం అన్నాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు, మనిషి కదా, కొంచెం మెత్తబడతాడనుకున్నానేమో. "కన్ను కనవడకపోతే కండ్ల డాక్టర్‌కి చూపియ్యుండ్రి, నా దగ్గరికెందుకొచ్చిండ్రు?" అన్నాడు. పక్కన నిలబడ్డ ఇద్దరు నవ్వారు.

డబ్బు పోయిన బాధ వేరు. ఈ మాట వేరు. బస్సులో కూర్చున్నంతసేపూ అదే చెవిలో తిరిగింది. ఇంట్లో అమ్మ "ఏమన్నార్రా" అని అడిగితే ఈ మాట చెప్పలేకపోయాను. తర్వాత మారుస్తామన్నారని అబద్ధం చెప్పాను.

ఇంకోటి కూడా చెప్పాలి. నేను అక్కడ ఉండగానే ఒక పెద్దాయన, ఆయన భార్య వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. అదే తెల్ల డబ్బా బల్ల మీద పెట్టి, అదే టీవీ మీద అదే బొమ్మ చూపించడం మొదలుపెట్టాడు కుర్రాడు. నేను ఆయన దగ్గరికి వెళ్ళి "అయ్యా, మీకు చూపిస్తున్నది ఈ డబ్బాలోది కాదు, టీవీ వెనక ఒకసారి చూడండి" అన్నాను. ఓనరు లేచి వచ్చి నా గుండె మీద చెయ్యి పెట్టి గుమ్మం దాకా నెట్టాడు. "బేరం ఖరాబ్ చేస్తే మంచిగుండదు" అన్నాడు. మెట్లు దిగి వెనక్కి చూశాను. పెద్దాయన పర్సు తీస్తున్నాడు. నేను ఇంకాస్త గట్టిగా చెప్పి ఉండాల్సింది. అది ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

బిల్లు సంగతి. వాడిచ్చింది "ఎస్టిమేట్" అని రాసిన కచ్చా చీటీ. జీఎస్టీ నంబరు లేదు, మోడల్ నంబరు లేదు. కింద "అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు" అని రబ్బరు ముద్ర. ఆ ముద్ర చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. తగ్గకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకును వెనక్కి తీసుకోకపోవడం, రెండూ అనుచిత వ్యాపార పద్ధతులే. బిల్లులో గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోవాల్సిందే. డబ్బు యూపీఐలో కట్టాను, అది షాపు పేరు మీదికి పోలేదు, ఎవరో మనిషి పేరు మీదికి పోయింది. కట్టేటప్పుడు చూసుకోలేదు.

డబ్బు, బొమ్మ పక్కన పెట్టండి. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకోటి. పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ బాక్సుల్లో, స్టిక్కుల్లో తయారైన చోటే దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కించి పంపుతున్నారని 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ బహిరంగంగా హెచ్చరించింది. అలా పాడైన డివైజ్‌ల దొంగ నెట్‌వర్క్ పేరు బ్యాడ్‌బాక్స్ 2.0. మన ఇంటి ఇంటర్నెట్‌ని మనకు తెలియకుండా వేరే దొంగలకి దారిగా వాడిస్తారు. ఆ తర్వాతి నెలలోనే దాన్ని నడిపేవాళ్ళ మీద గూగుల్ న్యూయార్క్ కోర్టులో దావా వేసింది, కోటి డివైజ్‌లకు పైగా ఇలా పాడయ్యాయని. ఎఫ్‌బీఐ చెప్పిన గుర్తులు చదువుతుంటే నా స్టిక్కు డబ్బా చదువుతున్నట్టే ఉంది. తెలియని బ్రాండు, అన్నీ ఉచితంగా వస్తాయన్న మాట, సర్టిఫికేషన్ లేకపోవడం, ప్లే ప్రొటెక్ట్ (దొంగ యాప్‌లను పట్టుకునే గూగుల్ కాపలా) ఆపేయమని అడగడం. ఆ "ఫ్రీ ఓటీటీ" యాప్ వేసేటప్పుడు ప్లే ప్రొటెక్ట్ ఆపమని నన్నూ అడిగింది. ఆపాను కూడా.

నిన్న రాత్రే స్టిక్కు పీకేసి, జీమెయిల్ నుంచి ఆ డివైజ్‌ని తీసేసి, జీమెయిల్, ప్రైమ్, వైఫై పాస్‌వర్డులు మూడూ మార్చాను. ఇలాంటిది ఇప్పటికే మీ టీవీకి ఉంటే ముందు ఈ పని చేయండి, తర్వాత షాపువాడి సంగతి చూడొచ్చు.

కొనబోయేవాళ్ళకి: రిమోట్ మీ చేతికి తీసుకోండి. మీకు అమ్మే డబ్బా మీ ముందే సీలు విప్పి, అందులోదే టీవీకి పెట్టించండి. టీవీ వెనక కూడా వంగి చూడండి, మొహమాటపడకండి. డబ్బా మీద బీఐఎస్ (సరుకు నాణ్యత చూసే ప్రభుత్వ సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరిదో వస్తుంది. నాదాని మీద అసలు ఆ గుర్తే లేదు. జీఎస్టీ బిల్లు లేకుండా డబ్బు కట్టొద్దు. మాలాగా ఫుల్ హెచ్‌డీ టీవీ ఉన్నవాళ్ళకి ఫోర్‌కే స్టిక్కు అక్కర్లేదు, ఆ టీవీ ఫోర్‌కే చూపించలేదు. పేరున్న కంపెనీలో మామూలు హెచ్‌డీది చాలు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. "ఎస్టిమేట్" అని ఎర్ర అక్షరాలతో, కింద నీలం ముద్రతో ఉన్న కోఠి చీటీ మీలో ఎవరి దగ్గరైనా ఉంటే, యూపీఐ కట్టిన స్క్రీన్‌షాటుతో పాటు దాచిపెట్టి నాకు మెసేజ్ చేయండి. చీటీలో తారీఖు కనబడేలా ఫోటో తీయండి, నాదాంట్లో ఇంకు అప్పుడే చెరిగిపోతోంది.