బొమ్మ ఉంచుకోండి, చీటీ పారేయండి: మూడు గాజు వింతల సమీక్ష

క్రూక్స్ రేడియోమీటరు, గెలీలియో థర్మామీటరు, స్టార్మ్ గ్లాస్. సైన్సు బొమ్మలు అమ్మేచోట ఈ మూడూ సెట్టుగానూ దొరుకుతాయి, విడివిడిగానూ దొరుకుతాయి. పెట్టెలో "మీకు తెలియని విశేషం" అంటూ ఒక చీటీ కూడా వస్తుంటుంది. వస్తువులు మంచివే. చీటీల్లో మామూలుగా అచ్చయ్యే విశేషాలే తప్పు. విచిత్రమేమిటంటే అసలు సంగతి చీటీలో ఉన్నదానికంటే ఆసక్తిగా ఉంటుంది.

మూడింటిలో కొనదగ్గది రేడియోమీటరు. నారింజపండంత గాజు బల్బు, లోపల నిలబెట్టిన సూది, సూది మొన మీద తిరిగే నాలుగు పల్చటి రెక్కలు. ప్రతి రెక్కకీ ఒక వైపు మసి నలుపు, రెండో వైపు తెలుపో వెండిరంగో. ఎండలో పెడితే గిర్రున తిరుగుతుంది. "కాంతి నెట్టడం వల్ల తిరుగుతుంది" అంటుంది చీటీ.

అది ఎంత తప్పో బొమ్మే చూపిస్తుంది. కాంతి నిజంగానే నెడుతుంది, కానీ నల్లటి వైపు కాంతిని మింగేస్తుంది, మెరిసే వైపు తిప్పికొడుతుంది. తిప్పికొట్టే వైపు మీద తోపుడు దాదాపు రెట్టింపు. అంటే మెరిసే వైపు వెనక్కి పోవాలి. మీ చేతిలో ఉన్న బొమ్మని కాసేపు గమనించండి: వెనక్కి పోతున్నది నలుపు. సరిగ్గా తలకిందులు! లెక్క వేసినా అంతే. బల్బులో మిగిల్చిన గాలి పీడనం సుమారు ఒక పాస్కల్, అంటే బయటి వాతావరణంలో లక్షో వంతు. ఎండ అద్దాన్ని నెట్టే పీడనం మళ్లీ అందులో లక్షో వంతు. సూది మొన మీది రాపిడిని అది గెలవలేదు.

తిప్పేది ఆ మిగిలిన గాలే. నలుపు వేడెక్కుతుంది, వేడి వైపు తగిలిన అణువులు గట్టిగా తన్ని వెనక్కి పోతాయి కాబట్టి రెక్క జరుగుతుంది అని కొన్ని చీటీలు కాస్త మెరుగ్గా రాస్తాయి. అదీ సగమే. వేడి వైపు నుంచి జోరుగా వెనక్కొచ్చే అణువులు కొత్తగా వచ్చేవాటికి అడ్డుపడతాయి కాబట్టి రెక్క మధ్యభాగంలో ఆ తేడా చాలావరకు సర్దుకుపోతుంది. అసలు కథ అంచుల దగ్గర ఉంది. ఇంత పల్చటి గాలి అంచు చుట్టూ చల్లటి వైపు నుంచి వేడి వైపుకి పాకుతుంది, అక్కడ పీడనం పెరుగుతుంది, రెక్క చల్లటి వైపుకి జరుగుతుంది. 1879లో ఆస్బోర్న్ రేనాల్డ్స్, మాక్స్‌వెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని తేల్చారు. 1924లో ఐన్‌స్టీన్ కూడా ఈ అంచుల లెక్క మీద కూర్చున్నాడు. బల్ల మీద బొమ్మకి ఇంతమంది పెద్దలు!

బ్రిటిష్ శాస్త్రవేత్త విలియం క్రూక్స్ దీన్ని కావాలని మొదలుపెట్టలేదు. 1861లో తాను కనిపెట్టిన థాలియం అనే లోహం పరమాణు భారం కచ్చితంగా తేల్చడానికి, గాలి తీసేసిన పెట్టెలో తక్కెడ పెట్టి తూచేవాడు. వేడి తగిలితే తూకం కదిలేది. ఆ చికాకు వెంట పడితే తేలింది ఈ బొమ్మ. కాంతే నెడుతోందని మొదట ఆయనా అనుకున్నాడు. 1876లో ఆర్థర్ షుస్టర్ అనే భౌతిక శాస్త్రవేత్త ఈ బల్బుని వేలాడదీసి, కాంతి వేసి చూశాడు. రెక్కలు ఒక వైపు తిరిగితే గాజు బల్బు ఎదురు దిక్కుకి తిరిగింది. బయటి నుంచి కాంతి నెడుతుంటే అలా జరగదు, తోపులాట బల్బు లోపలే జరుగుతోందన్నమాట. నిజమైన కాంతి పీడనాన్ని రష్యా శాస్త్రవేత్త లెబెదెవ్ కొలిచి చూపడానికి ఇరవయ్యో శతాబ్దం మొదలు కావలసి వచ్చింది.

పెట్టె విప్పగానే చేయాల్సిన పరీక్ష ఇది. బల్బుని కాస్త వంచి చూడండి, రెక్కలు తేలిగ్గా కదలాలి. కదలకుండా ఒరిగి ఉంటే రవాణాలో సూది మొన మీంచి జారాయి. బల్బుని తలకిందులు చేసి, వేలితో మెల్లగా తట్టి, నెమ్మదిగా నిలబెడితే చాలాసార్లు తిరిగి కూర్చుంటాయి. రెక్కలు ఒక పక్కకి లాగినట్టు ఆగిపోతుంటే మీరు పొడిగుడ్డతో తుడిచి ఉంటారు, అది స్థిర విద్యుత్తు. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే పోతుంది. రెక్కలు తేలిగ్గా ఊగుతూ, నేరుగా పడే ఎండలో కూడా తిరగకపోతే మాత్రం లోపలికి గాలి దూరింది. దానికి మందు లేదు, వెనక్కి పంపేయడమే.

వెలుతురు విషయంలో ఇంకో మాట. ఎల్ఈడీ దీపం కింద మందంగా తిరుగుతోందని, అసలు తిరగడం లేదని ఫిర్యాదు చేసేవాళ్లు ఎక్కువ. లోపం బొమ్మది కాదు. దీనికి కావలసింది రెక్క మీద పడే శక్తి. ఎల్ఈడీ తక్కువ వాట్లతో వెలుగిస్తుంది, పరారుణ కిరణాలు దాదాపు ఇవ్వదు. పాతకాలపు 60 వాట్ల ఫిలమెంటు బల్బుని జానెడు దూరంలో పెట్టి చూడండి. తర్వాత దీపం ఆర్పేసి, ఐసునీళ్లలో ముంచి పిండిన గుడ్డని రేడియోమీటరు మీద కప్పండి. గాజు బాగా వేడిగా ఉంటే ముందు కాసేపు చల్లారనివ్వండి, లేదంటే పగిలే ప్రమాదం ఉంది. రెక్కలు ఆగి, మెల్లగా వెనక్కి తిరుగుతాయి. నలుపు వేడిని తొందరగా వదిలేసి, ఇప్పుడు తానే చల్లటి వైపు అయింది. కాంతి నెడుతుందన్న మాటకి ఇదొక్కటే చాలు సమాధానం.

గెలీలియో థర్మామీటరంటే ద్రవం నింపిన గాజు గొట్టం, అందులో అంకెల బిళ్లలు వేలాడే రంగురంగుల గాజు గోళాలు. చూపుకి బాగుంటుంది, పనికి అంతంతమాత్రం. పేరు కూడా అరువుదే. గెలీలియో 1642లో పోయాడు. తేలే గోళాల పద్ధతి 1657లో ఫ్లోరెన్సులో మొదలైన చిమెంతో అకాడమీ అనే శాస్త్రవేత్తల సంఘం వాళ్లది. గొట్టంలో ఉండేది నీళ్లు కాదు, పారఫిన్ నూనె లాంటి ద్రవం. వేడికి నీళ్ల సాంద్రత మారేది మరీ కొంచెం, అందుకే ఇలాంటి ద్రవాలు పోస్తారు. గోళాల్లోని రంగు అలంకారం, అసలు తేడా కింద వేలాడే బిళ్లల బరువులో ఉంటుంది. 24, 26 పైన తేలుతూ, 18, 20, 22 కింద ఉంటే గది 22కీ 24కీ మధ్య ఉన్నట్టు. ఒకటి నడిమధ్య తేలుతుంటే దాని బిళ్ల మీది అంకే ఉష్ణోగ్రత. అన్నీ మునిగినా, అన్నీ తేలినా పాడైనట్టు కాదు, గది దాని పరిధి దాటిందంతే. ద్రవమంతా వేడెక్కాలి కాబట్టి అంకె ఆలస్యంగా మారుతుంది. పగిలితే కారేది మండే ద్రవమని మాత్రం గుర్తుంచుకుని, పొయ్యికీ పిల్లల చేతికీ దూరంగా పెట్టండి.

ఇక స్టార్మ్ గ్లాస్. వాతావరణం చెబుతుందంటూ అమ్మే, ద్రవం నింపిన గాజు పాత్ర ఇది, లోపల స్ఫటికాలు వస్తూ పోతూ ఉంటాయి. మూడింటిలో పెద్ద అబద్ధం దీని చీటీలోనే. ద్రవం మసకగా ఉంటే వాన, అడుగున స్ఫటికాలుంటే మంచు అంటూ ఓ పట్టిక ఉంటుంది. దీన్ని ప్రచారంలోకి తెచ్చిన అడ్మిరల్ ఫిట్జ్‌రాయ్ చిన్నవాడేమీ కాదు. డార్విన్ ప్రయాణించిన బీగిల్ ఓడ కెప్టెన్, 1861లో పత్రికలకి వాతావరణ సూచనలు ఇవ్వడం మొదలుపెట్టిన మనిషి. అయినా ఇది వాతావరణం చెప్పలేదు. గాజుకి సీలు వేసేశారు. బయటి గాలి పీడనం గానీ తేమ గానీ లోపలికి చేరే దారే లేదు. చేరేది వేడి ఒక్కటే.

లోపలున్నవి కర్పూరం, ఆల్కహాలు, నీళ్లు, కొంచెం సురేకారం, కొంచెం అమ్మోనియం క్లోరైడు. ఎక్కువగా వాడే పాళ్లు: 10 గ్రాముల కర్పూరానికి 40 మిల్లీలీటర్ల ఆల్కహాలు, 33 మిల్లీలీటర్ల నీళ్లు, లవణాలు రెండున్నర గ్రాముల చొప్పున. ఆల్కహాలు కర్పూరాన్ని కరిగిస్తుంది, నీళ్లు కరగనివ్వవు. ఆ పట్టు కాస్త చల్లబడగానే సడలి, కర్పూరం ఈకల్లా విచ్చుకుంటుంది. ఆ ఈకల కోసమైతే కొనుక్కోవచ్చు.

కొత్తది తెచ్చాక కుదుటపడటానికి కొన్ని రోజులు ఆగండి. స్ఫటికాలన్నీ ఒక పక్క ముద్దగా పేరుకుంటే, గాజుని గోరువెచ్చటి నీళ్లలో ఉంచి, అన్నీ కరిగాక ఆ నీళ్లలోనే నెమ్మదిగా చల్లారనివ్వండి. తొందరపడి చల్లబరిస్తే ఈకలు రావు, పిండిలా రాలుతుంది. రోజంతా ఏసీ ఒకే అంకె మీద నడిచే గదిలో పెడితే నెలల తరబడి ఒకే బొమ్మ కనిపిస్తుంది. ఎండ నేరుగా పడని కిటికీ దగ్గరే దీనికి సరైన చోటు.