జ్ఞాపకశక్తి పరిశోధనకు ఏది మేలు: తేనెటీగా, పండ్ల ఈగా?

కీటకాలు ఎలా నేర్చుకుంటాయో, నేర్చుకున్నదాన్ని ఎలా గుర్తుంచుకుంటాయో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఎక్కువగా ఆశ్రయించినవి రెండు: తేనెటీగ, డ్రోసోఫిలా అనే పండ్ల ఈగ.

తేనెటీగ నేర్చుకోవడం కళ్లెదుటే కనిపిస్తుంది. తల మాత్రం బయట ఉండేలా దాన్ని చిన్న గొట్టంలో బిగించి, స్పర్శశృంగాలకు చక్కెర నీటి చుక్క తాకిస్తే వెంటనే తుండం చాస్తుంది. ఆ చుక్కకు కొద్ది సెకన్ల ముందు ఒక వాసన ఊదితే, ఒకటి రెండు సార్లకే చాలా తేనెటీగలు తీపి అందక ముందే, వాసనకే తుండం చాచడం మొదలుపెడతాయి. మూడుసార్లు నేర్పిన పాఠం రోజుల తరబడి నిలుస్తుంది. 1993లో శాస్త్రవేత్త మార్టిన్ హామర్ చక్కెరకు బదులు ఒకే ఒక్క న్యూరాన్‌ను, అంటే నాడీకణాన్ని, విద్యుత్తుతో ప్రేరేపించినా తేనెటీగ ఆ వాసనను నేర్చుకుంటుందని చూపారు. తీపి మొత్తానికి ఒక్క కణం బదులు పలకడం నాకు ఇప్పటికీ వింతగానే తోస్తుంది.

పండ్ల ఈగ అంత చురుకైన శిష్యురాలు కాదు. అయితే పది పన్నెండు రోజుల్లోనే కొత్త తరం వస్తుంది కనుక దాని జన్యువులను మార్చి చూడటం తేలిక. జీవశాస్త్రవేత్త సీమోర్ బెంజర్ ప్రయోగశాలలో 1974లో వాసనకు విద్యుత్ తాకిడి జోడించి ఈగలకు పాఠం నేర్పారు. 1976లో ఆ పాఠం ఒంటబట్టని ఈగల రకాన్ని ప్రకటించి, మొద్దు అనే అర్థంలో ‘డన్స్’ అని పేరు పెట్టారు. ఆ ఈగల్లో చెడిన జన్యువు, కణం లోపల సంకేతాలు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే అణువును విడగొట్టే ఎంజైమును తయారుచేస్తుందని తరువాత తేలింది. ఆ అణువును తయారుచేసే ఎంజైము చెడిన ‘రుటబేగా’ రకం ఈగలకూ సరిగా చదువు రాదు, అంటే ఆ అణువు పెరిగినా తగ్గినా చిక్కే.

అంతకన్నా విలువైనది విరామాల సంగతి. పది పాఠాలు ఏకధాటిగా చెబితే జ్ఞాపకం కొద్ది రోజుల్లో చెరిగిపోతుంది. అవే పాఠాలు పదిహేను నిమిషాల ఎడంతో చెబితే వారం నిలుస్తుంది, దానికి మాత్రం కొత్త ప్రోటీన్లు తయారుకావాలి. పైగా 2024లో ఈ ఈగ మెదడులోని దాదాపు 1,39,000 న్యూరాన్ల అనుసంధానాల పటం వెలువడింది. తేనెటీగ మెదడులోనైతే న్యూరాన్లు 10 లక్షలకు దగ్గరగా ఉంటాయి.

కాబట్టి జ్ఞాపకం కణంలో ఎలా ఏర్పడుతుందన్నదే ప్రశ్న అయితే నేను పండ్ల ఈగకే ఓటు వేస్తాను. కానీ కిలోమీటర్ల దూరం ఎగిరి, ఏ పువ్వులో ఏ వేళకు మకరందం దొరుకుతుందో గుర్తుపెట్టుకొని, గూటికి తిరిగివచ్చే జ్ఞాపకం గురించి అడగదలిస్తే మాత్రం తేనెటీగ దగ్గరికే వెళ్లాలి.